నువ్వు అతికించిన చెక్కముక్కలు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నల్గొండ షెడ్డులో మనం చెక్కతో కట్టడం మొదలుపెట్టిన చిన్న విమానం రెక్కకు బోల్టులు బిగించాల్సిన రోజు కూడా ఇదే. రెక్క అతికించిన రోజే, అదే జిగురుతో రెండు చెక్కముక్కలు కూడా అతికించి పరీక్షకని పక్కన పెట్టావు కదా, ముందు వాటిని పగలగొట్టి చూడాలి. చెక్క విరిగితే ఫరవాలేదు, అతుకు ఊడితే మాత్రం రెక్క మొత్తం పారేయాల్సిందే.

"బోల్టులున్నయి గద చెల్లె. అన్న చేతిది, జర దాసుకో" అన్నాడు వడ్రంగి రహీం భాయ్.

నాకు కోపం వచ్చింది. "బోల్టు పట్టుకుంటది, జిగురు కదలనియ్యదు. రెండూ ఉండాలె అన్నది అన్ననే గద!"

ముక్కలను వైస్‌లో బిగించాను. రెండుసార్లు సుత్తి ఎత్తి, కొట్టలేక దించాను. మూడోసారి కొట్టాను.

చెక్కే చీలింది. నీ అతుకు ఊడలేదన్నా.