తెర వెనక ఎత్తిన చెయ్యి

తాండూరు,
14-7-1978, శుక్రవారం

షాహజాది అబ్బాకు సలాం.

అల్లా దయవల్ల ఇక్కడ మేమంతా బాగున్నాం. షోలాపూర్ మిల్లులో మీరూ వేళకు తింటున్నారనే అనుకుంటాను, వచ్చి చూడలేను కదా! మన బిడ్డ షాహజాది దగ్గు గురించి అడిగారు, తగ్గింది. వాన గట్టిగానే పడింది కానీ ఈసారి ఇల్లు కారలేదు. పక్కింటి భాగమ్మ పెనిమిటి పైకెక్కి బండలు సర్దాడు.

"మీ రేడియో సంఘంలో అందరూ వినేవాళ్లేనా, చేసేవాళ్లు కూడా ఉన్నారా?" అని ఎగతాళిగా రాశారు. పోయిన ఆదివారం అదే లెక్క తీశారు. హైదరాబాద్‌లో రేడియో సామాన్లు అమ్మే సేటు కబురు పెట్టాడట. సొంతంగా సెట్లు చేసేవాళ్లు ఎందరుంటే అన్ని సామాన్ల పెట్టెలు ఊరికే పంపిస్తాడట.

"చేసెటోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు సంఘం పెద్ద చంద్రశేఖర్. నేనూ ఎత్తాను. ఆడవాళ్లం ఎప్పట్లాగే తెర వెనక ఉన్నాం. నా చెయ్యి భాగమ్మకు తప్ప ఎవరికి కనబడుతుంది?

"నలుగురే" అన్నాడాయన. నాకు ఒళ్లు మండింది.

"ఐదుగురం" అన్నాను, గట్టిగానే.

"ఎవలమ్మా గది?"

"వలీ ఇంటామె" అంది భాగమ్మ, మీ పేరు చెప్పి.

"వినుడు వేరు, చేసుడు వేరమ్మా."

"ఎరికేనన్నా. నాకు రెండూ వస్తయి."

మా సంఘం కాయిదా మీకు తెలుసు. చేస్తానన్నవాళ్లు అందరి ముందు సెట్టు కట్టాలి, అది మాట్లాడేదాకా ఎవరికీ చాయ్ ఉండదు. "జూడకుంట ఎట్ల లెక్కవెట్టాలె? వచ్చే ఆదివారం కట్టు" అన్నాడు. ఆ నలుగురూ అలా కట్టినవాళ్లే, కాబట్టి ఆయన్ని తప్పు పట్టను.

వికారాబాద్‌లో మా అబ్బాజాన్ కళ్లు బాగా మసకబారాయి. ఇక రేడియోలకు టంకం పెట్టలేరు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని నేర్చిన పని ఇది, మా ఇంట్లో ఆయనతో ఆగిపోతుందంటే ఏడుపొస్తుంది. సేటు పంపే ఆ పెట్టె నాకు కావాలి. ఇంట్లోనే రిపేర్లు మొదలుపెడతాను.

ఇంతసేపూ చెప్పకుండా దాటవేసిన మాట ఒకటుంది. తెర వెనక కట్టి ఇస్తే ఎవరి చేతులు కట్టాయో ఎవరికి తెలుస్తుంది? అందుకని తెర ఇవతలకు వచ్చి, తల మీద కొంగు వేసుకుని, అందరి ముందు కూర్చుని కడతాను. మీ అమ్మీకి చెప్పాను. "నేను గూడ పక్కన కూసుంట" అంది.

ఊళ్లోవాళ్లు చెప్పకముందే మీకు నేనే చెప్పాలనుకున్నాను. మీరు వద్దంటారేమోనని భయం కూడా ఉంది. వద్దని రాసినా ఆ ఉత్తరం ఆదివారం దాటాకే చేరుతుంది. అందుకే సోమవారం నుంచి రాద్దామనుకున్న ఈ ఉత్తరాన్ని ఇవాళ డబ్బాలో వేస్తున్నాను.

ఇట్లు,
సంఘంలో ఐదో మనిషి,
మీ షాహజాది అమ్మీ
అష్రఫున్నీసా