ఇంజను వేడి చూపించే ముల్లు

అక్కా,

నీ అంబాసిడర్‌లో ఇంజను వేడి చూపించే ముల్లు బాగైంది. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ రోజు ఒంగోలు వెళ్లి అమ్మ దగ్గర ఉందామని, నిన్న చిలకలూరిపేటలో మెకానిక్ మస్తాన్‌కి కారు చూపించాను.

"ఇంజనెప్పుడూ వేడెక్కలేదండీ. లోపల వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. అందుకే ముల్లు ఊరికే ఎర్రగీత దాకా లేస్తోంది" అన్నాడు.

మనం అమ్మ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మార్టూరు రాగానే ముల్లు లేచేది. నువ్వు కారు పక్కకు తీసి బానెట్ ఎత్తేదానివి. "చల్లారనీరా, తొందరేముంది" అని మిరపకాయ బజ్జీలు తెమ్మనేదానివి. ఇంట్లో రెండు ముక్కలు మాట్లాడేదానివి కాదు. అక్కడ మాత్రం బావతో పడ్డ మాటలూ, మిరపచేను అమ్మేద్దామన్న ఆలోచనా, అన్నీ చెప్పేదానివి. నీ గురించి నాకు తెలిసినదంతా ఆ రోడ్డు పక్కన విన్నదే.

ఇవాళ మార్టూరులో నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది. ఆపడానికి కారణమేమీ కనబడలేదు. బజ్జీల బండి వెనక్కి వెళ్లిపోయింది.

ఒంగోలు ఇంత దగ్గరని ఇవాళే తెలిసింది.