పొడుగు డబ్బాలో రవ్వ

మాన్కెసిమ్ బజారు, రవ్వ వరస

పిల్లల బుర్రల పాఠం చెప్పే అమిసా మాష్టారికి,

ఎకువా అమ్మమ్మ అరబా మన్సా చెప్పి రాయిస్తున్నది. నాకు అక్షరం ముక్క రాదు. రాసేది చర్చి గుమస్తా ఎబో. కోపం మాత్రం నాదే.

నా మనవరాలిని పంతులమ్మను చెయ్యమని మీ కాలేజీకి పంపాను. సెలవులకొచ్చి అది ఏం చేసిందో వినండి. నా కొలత డబ్బాతో, అదే మేం ఓలొంకా అంటాం, కర్రపెండలం రవ్వ రెండుసార్లు కొలిచింది. ఒకటి వెడల్పు గిన్నెలో, ఇంకోటి పొడుగు డబ్బాలో పోసింది. పక్క కొట్టు చంటిదాన్ని కూచోబెట్టి "ఏది ఎక్కువే?" అంది. ఆ పిల్ల బజారంతా వినబడేలా "పొడుగుదే! పొడుగుదే!" అని అరిచింది. అంతే! "ఓహో, అరబా దగ్గర రెండు కొలతలున్నాయర్రోయ్" అన్నారు జనం.

ఎకువా తల్లి పుట్టకముందు నుంచీ నేను కూర్చున్న చోటది. బజారు పెద్దమ్మ న్యార్కోవా వచ్చే శుక్రవారం పంచాయితీ పెట్టింది. తప్పు తేలితే నా ఓలొంకా బోర్లిస్తారు. అది బోర్లించిన మనిషి ఇక్కడ మళ్లీ అమ్మలేదు. నేను అమ్మకపోతే ఎకువా చదువూ అంతే.

అడిగితే "మా సారే చెయ్యమన్నారమ్మమ్మా" అంటుంది. ఆ మాటేదో మీరే కాగితం మీద పెట్టండి.

ఇట్లు,
దొంగ కాని అరబా మన్సా

మరో మాట: నా తిట్లలో సగం ఎబో మింగేశాడు. మొహం చూస్తేనే తెలుస్తోంది, అరగడం లేదు.

*

గౌరవనీయులైన అరబా మన్సా అమ్మగారికి నమస్కారాలు.

ఎకువా తప్పు లేదు, మీ తప్పు అసలే లేదు. ఇది విద్యా మనోవిజ్ఞానంలో ఒక పాఠం. చిన్నతనంలో కన్ను ఎత్తునే చూస్తుంది, వెడల్పును పట్టించుకోదు. పొడుగుదాంట్లో ఎక్కువ ఉందనే వాళ్ల బుద్ధి ఇంకా పండలేదని అర్థం. ఇది తెలియని పంతులు పిల్లను మొద్దు అని కొడతాడు. తెలిసినవాడు కొట్టడు. ఈ ఉత్తరం పంచాయితీలో అందరి ముందూ చదివించండి, గొడవ తీరిపోతుంది.

విధేయుడు,
కోబినా అమిసా

మరో మాట: ఎకువా ఒక్క పిల్లతోనే ఆపేసింది. ఇంకొందరిని కూడా అడగాలి. లేకపోతే పరీక్ష పాసవదు.

*

గొడవలు తీర్చే అమిసా మాష్టారికి,

మీరు చెప్పినట్టే చేశాం. ఇంకొందరిని అడగమన్నారని ఎకువా పంచాయితీలో ముందుగా పెద్దమ్మ న్యార్కోవానే అడిగింది. ఆవిడ కళ్లు చికిలించి చూసి, "పొడుగుదాంట్లోనే ఎక్కువ. గుడ్డిదానికైనా తెలుస్తుంది" అంది. వెంటనే ఎబో గొంతు సవరించుకుని మీ ఉత్తరం చదివాడు. "బుద్ధి ఇంకా పండలేదు" అన్న దగ్గర బజారులో ఈగ కూడా ఆగిపోయింది.

ఆవిడకు మునిమనవలున్నారు మాష్టారూ!

"కాలేజీవాడు నా బుద్ధి పచ్చిదంటాడా?" అని లేచిపోయింది. ఇప్పుడు నా మీద రెండు నేరాలు: నా కొలత ఒకటి, మీ నోరొకటి. పై శుక్రవారం మీరే రండి.

ఇట్లు,
ఓలొంకా ఇంకా నిటారుగానే ఉన్న అరబా మన్సా

మరో మాట: వచ్చేటప్పుడు పెద్దమ్మకు ఒక సీసా జిన్ను సారా తెండి. సీసా లేకుండా క్షమాపణ అడిగితే ఆవిడకు చెవులు వినబడవు.

*

అమ్మా,

పంచాయితీకి వచ్చి వెళ్లిన శుక్రవారం నుంచి నా మనసు మీ కొట్టు దగ్గరే ఉంది. పెద్దమ్మ తన చేత్తోనే డబ్బాలోని రవ్వను మీ ఓలొంకాలోకి తిరగబోసి, సరిగ్గా అంచుకు రావడం చూసి, "నా కన్నే నన్ను మోసం చేసిందర్రా!" అని నవ్వినప్పుడు అందరితో పాటు నేనూ నవ్వాను. కానీ నేను చూస్తున్నది ఆ డబ్బాను. నీలం రంగు, మూతి దగ్గర సొట్ట. అంతమందిలో అడగకుండా వచ్చేశాను.

చిన్నప్పుడు మీ దగ్గర ఒక్క కొలత రవ్వ కొనేవాణ్ణి. ఇంటినిండా తమ్ముళ్లూ చెల్లెళ్లూ. అందరికీ గిన్నెలో పోసే మీరు నాకు మాత్రం ఆ డబ్బాలో పోసిచ్చేవారు. ఎంత ఉందో అని మురిసిపోతూ మోసుకెళ్లేవాణ్ణి. పెద్దయి ఈ శాస్త్రం చదివాక తెలిసింది, అదే కొలత, నా కంటికే ఎక్కువని. ఆకలితో ఉన్న పిల్లాడి కన్ను నింపిన ఆ తల్లి కథే ఏటా నా మొదటి పాఠం. ఆ తల్లి పేరైనా నాకు తెలీదు, మీరేనని ఆ డబ్బా చూశాకే తెలిసింది. నేను పంతులునయ్యానంటే మీ డబ్బా చలవే.

ఎకువా పాసయింది.

మీ కోబినా

మరో మాట: మా కాలేజీలో చేరడానికి వయసు అడ్డమా అని పెద్దమ్మ ఉత్తరం రాయించింది. ఏం జవాబివ్వాలో తోచడం లేదు.

*

నాయనా కోబినా,

ఎబో నీ ఉత్తరం చదువుతూ ముక్కు చీదాడు. ఎకువా కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం పొయ్యి పొగ.

డబ్బాను రెండు చేతులా గుండెకు కరుచుకుపోయే ఆ బక్కోడివి నువ్వేనా! మర్నాడు దాన్ని కడిగి తెచ్చిచ్చేవాడివి. గిన్నెలు పట్టుకెళ్లినవాళ్లెవరూ కడిగేవాళ్లు కాదు. ఇప్పుడు నా మనవరాలిని పంతులమ్మను చేశావు, నా ఓలొంకా నిలబెట్టావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

కానీ నీ మొదటి పాఠం తప్పు నాయనా. పసివాడి కన్ను మోసం చెయ్యడానికి నాకేం పని? కొలత పోశాక అటు తిరిగి గుప్పెళ్లతో కొసరు వేసేదాన్ని. గిన్నెలో అయితే గుట్టగా కనబడి వరసంతా "మాకో?" అని మీదపడేది. పొడుగు డబ్బాలో అయితే కొసరు కడుపులో దాక్కునేది.

నీకు ఎక్కువగా కనబడిందీ అంటే, ఎక్కువే ఉంది కాబట్టి! నీ బుద్ధి అప్పుడే పండింది. చదువుకుని పాడుచేసుకున్నావు.

ఇట్లు,
నీ రవ్వ అమ్మమ్మ

మరో మాట: ఇది పెద్దమ్మ చెవిన వెయ్యకు. కొలత ఎక్కువ వేసినా ఇక్కడ ఓలొంకా బోర్లిస్తారు.