నడుమకు పోయిన చుక్క

మిర్యాలగూడ, 1998, మాఘమాసం, మంగళవారం

సాయంత్రం సరిత కాలేజీ నుంచి తెచ్చిన సైన్సు పత్రిక చదివి చెప్పింది.

“అమ్మా, పెద్ద చుక్కల గుంపుల నడుమ వెలుతురునే మింగే నల్ల గుండం ఉంటదంట. రెండు గుంపులు కలిస్తే రెండు గుండాలైతయ్. అవి ఒకదాని సుట్టూ ఒకటి తిరుక్కుంట, దగ్గరికొచ్చిన చుక్కలను అవతలికి ఇసిరేస్తయంట. ఆఖరికి నడుమంతా బోసిపోతదంట.”

నా చేతిలో చేట ఆగిపోయింది. పోయిన వానకాలం తూము నీళ్ల వంతు కోసం మా ఆయన, మా మరిది పారలు ఎత్తితే, విడిపించడానికి నా కొడుకు శ్రీను నడుమకు పోయాడు. తల పగిలి అక్కడే ప్రాణం పోయింది, వాడి నెత్తురు కాలువలో కలిసింది. ఎవరి పార తగిలిందో ఇప్పటికీ ఇద్దరూ ఒప్పుకోరు.

చీకటి పడ్డాక వాకిట్లో అన్నదమ్ములకు మళ్లీ అదే కొట్లాట.

“ఈ రాత్రి నీళ్లు నావిరా!”

“తూము ముట్టినవంటే నరుకుత!”

“నాయనా, చిన్నాయనా, ఆపుండ్రి!” అంటూ సరిత ఉరికింది. జుట్టు పట్టి లోపలికి గుంజి గడియ వేశాను.

“వాళ్లు సస్తరమ్మా!”

“సావనియ్యి. నువ్వు నడుమకు పోకు బిడ్డా.”

తలుపుకు వీపు ఆనించి ఇది రాస్తున్నాను. ఇప్పుడే బయట పార దేనికో తగిలిన చప్పుడు వచ్చింది. నేను లేవలేదు.