చుక్క పడని సినిమా

ఆదివారం, రాత్రి

ఈరోజు మా ఆయనను సినిమాకు తీసుకుపోయాం. ఇష్టమైనవి చూపిస్తే మరిచిపోయినవి మతికి వస్తాయేమో అని డాక్టర్ అన్నప్పటి నుంచి నా ఆశంతా దీని మీదే. పురానాపూల్ దగ్గరి టాకీసులో ముప్పై ఏళ్లు ఆపరేటర్‌గా బొమ్మ ఆడించిన మనిషి కదా.

ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమాకు మనవరాలు టికెట్లు తీసింది. "తాతా, ఇది నాలుగో పార్ట్. మస్తుంటది," అంది. ఆయన ఎక్కడ జారిపడతాడో అని దారి పొడుగునా నాకు ఫికరే.

కూలుతున్న వంతెనను వీరుడు ఒంటిచేత్తో ఆపాడు. హాలంతా ఈలలు. నేను కూడా ఒక్క ఘడియ ఫికర్లన్నీ మరిచి నోరు తెరిచి చూశాను. సంబరంగా ఆయన వైపు తిరిగితే, ఆయన తెర కుడివైపు పైమూలనే చూస్తున్నాడు. అక్కడ ఏమీ లేదు. వెనుకట రీలు మార్చే ముందు ఆపరేటర్‌కు గుర్తుగా ఆ మూలన చుక్క పడేది. దాని కోసం చూస్తున్నాడని అప్పుడు అర్థమైంది.

"చుక్క పడ్తలేదేంది? రీలు అయిపోతది, జనం లొల్లి చేస్తరు," అని లేచాడు.

"కూసోండ్రి. ఇప్పుడు రీళ్లు లేవు."

"నువ్వెవరమ్మా? డ్యూటీల అడ్డం రాకు."

వెనక నుంచి ఎవరో "చాచా, బైఠో" అని అరిచారు. మనవరాలు తల దించుకుంది. సగంలోనే బయటికి వచ్చేశాం.

ఇప్పుడు పడుకున్నాడు. ఇన్నాళ్లలో గుడికి తీసుకుపోయాను, పుట్టిన ఇల్లు చూపించాను, వాళ్ల అన్నను పిలిపించాను. ఇక సినిమా ఒక్కటే మిగిలింది అనుకున్నాను. ఆయనకు ఇష్టమైనవి ఇంకేమున్నాయో ఎంత ఆలోచించినా తట్టడం లేదు.