నీడలకు టానిక్

నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కారాలు. బొమ్మల కాలేజీలో చేరిన వారానికే నవ్వులపాలయ్యాను. ఒక తాతగారిని స్టూలు మీద కూర్చోబెట్టి గీయమన్నారు. ఆయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. రోజూ మూడు గంటలు కదలకుండా కూర్చోవడమే ఇప్పుడాయన ఉద్యోగం. నేను గీసి, స్కేలు పెట్టి బాణాలు లాగి, నుదురు, కనురెప్ప, చెవితమ్మె అని పేర్లు కూడా రాశాను. రెండేళ్ళు జంతుశాస్త్రం రికార్డులు రాసిన చెయ్యి మరి! మాస్టారు చూసి, "ఇంకా నయం, ఆయన్ని కోసి చూడలేదు" అన్నారు.

మీరిచ్చిన గడువు గుర్తుంది. ఏడాది పరీక్ష తప్పితే నోరు మూసుకుని వచ్చి మళ్ళీ సైన్సులో చేరతాను. కానీ తప్పను.

ఇట్లు,
చేతులకు రంగంటిన మీ కూతురు

తా.క. అద్దంలో చూసి వేసుకున్న నా బొమ్మ పంపుతున్నాను. అమ్మకి చూపించండి. షాపులో మాత్రం పెట్టకండి.

అమ్మడూ,

ఆశీస్సులు. బాణాలు గీస్తే నవ్వడమేమిటి? పేర్లు రాయకపోతే సగం మార్కులు పోవూ? నీ బొమ్మ చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కళ్ళ కింద నీలం, చెంప మీద ఆకుపచ్చ, పెదాల్లో రక్తమే లేదు. ముప్పయ్యేళ్ళుగా మందుల షాపులో మనుషుల మొహాలు చూస్తున్నాను, నాకు తెలియదా? ఐరన్ టానిక్ రెండు సీసాలు పంపుతున్నాను. భోజనం తర్వాత తాగు.

సైన్సు కాలేజీలో నీ సీటు పదిలంగా ఉంది. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఉంచాను.

ఇట్లు,
మీ నాన్న

తా.క. బొమ్మ షాపులోనే పెట్టాను. టానిక్ తెగ పోతోంది.

నాన్నగారికి,

నమస్కారాలు. ఏడాదిగా మొత్తుకుంటున్నాను, అవి నీడలు! నీడలో నీలం, ఆకుపచ్చ ఉంటాయని ఇక్కడ నేర్పుతారు. మీరేమో ప్రతి బొమ్మకీ మందు పంపుతూనే ఉన్నారు. మా గదిలో ఉండే అమ్మాయి బొమ్మ చూసి నులిపురుగుల మాత్రలు పంపారు. ఆఖరికి వాడిన పూల బొమ్మకి ఎరువు పంపారు.

ఇప్పుడు అసలు సంగతి. ఏడాది పరీక్షకి తాతగారి బొమ్మ వేశాను. మాస్టారు, "కళ్ళలో ఈ పసుపేమిటి? తెల్లగుడ్డు తెల్లగా ఉంటుందని సైన్సులో చెప్పలేదా?" అని ఫెయిల్ చేశారు. నాకు పసుపే కనిపించింది, అదే వేశాను. మిగతా పదకొండు మందీ తెల్లగా వేసి పాసయ్యారు. వారంలో దిద్ది ఇస్తే మళ్ళీ చూస్తారట. తెలుపు వేస్తే పాసవుతాను, కానీ అది అబద్ధం. ఏం చెయ్యాలో తెలియక ఏడుపొస్తోంది.

ఇట్లు,
మీ కూతురు

తా.క. బొమ్మ ఫోటో పంపుతున్నాను. దయచేసి దీనికి మందు పంపకండి. మీ టానిక్ మా గదిలో అమ్మాయి తాగేస్తోంది. తెల్లవారకముందే లేచి గెంతుతోంది, నాకు నిద్ర లేదు.

అమ్మడూ,

దిద్దకు! కుంచె కింద పెట్టు! అది నీడ కాదు, కామెర్లు. గోళ్ళు కూడా పచ్చగా వేశావు. ఆ పెద్దాయన్ని ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్ళు. మందు పంపడం లేదు. ఇది డాక్టరు చూడాల్సిన పని.

కంగారులో,
నాన్న

తా.క. తెల్లగా వేసిన పదకొండు మందినీ కూడా తీసుకెళ్ళు. కంటి డాక్టరు దగ్గరికి.

నాన్నగారికి,

నమస్కారాలు. నిజం చెప్పాలంటే మీ మాట నమ్మలేదు. పూలకి ఎరువు పంపిన మనిషిని ఎలా నమ్మేది? అయినా మనసాగలేదు. తాతగారేమో, "కూర్చునే ఉద్యోగానికి ఒంట్లో ఓపికెందుకమ్మా?" అని కదల్లేదు. బలవంతాన తీసుకెళ్ళాను. కామెర్లేనట! ఇంకో వారం ఆగితే చెయ్యి దాటిపోయేదన్నారు. ఇప్పుడు కోలుకుంటున్నారు. మాస్టారు నా బొమ్మ మళ్ళీ తెప్పించుకుని, మార్కులు తనే దిద్దారు. పాసయ్యాను నాన్నా!

ఇట్లు,
నేల మీద నిలవని మీ కూతురు

తా.క. క్లాసులో పదకొండు మందీ ఎవరి బొమ్మ వాళ్ళు వేసి ఇచ్చారు. ఎవరికేం జబ్బో మీరు చెప్పాలట. పన్నెండోది మాస్టారిది. ఆయనది మాత్రం రహస్యంగా రాయమన్నారు.

చిత్రకారిణి గారికి,

మందుల షాపు నుంచి ఆశీస్సులు. పన్నెండు బొమ్మలూ కౌంటరు మీద పరిచి రెండు రోజులు చూశాను. కళ్ళజోడు మార్చి కూడా చూశాను. ఎవరికీ ఏ జబ్బూ లేదు. అందరూ సబ్బు ప్రకటనల్లో మనుషుల్లా నున్నగా ఉన్నారు. మీ మాస్టారికైతే పాతికేళ్ళు కూడా నిండినట్టు లేవు. మనిషన్నాక ఎక్కడో ఓ చోట ఏదో ఒకటి ఉండదూ?

మనిషి ఒంట్లో ఉన్నది బొమ్మలో కనిపించింది నీ ఒక్కదాని చేతిలోనే. నాకు గర్వంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. ఏడాదంతా సీటు సీటు అని నిన్ను బెదిరించాను. నిన్న షాపు మూసి కాలేజీకి వెళ్ళి, ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని రాసిచ్చాను. నువ్వు బొమ్మలే వేసుకో తల్లీ.

ఇట్లు,
నాన్న

తా.క. సెలవులకి వచ్చినప్పుడు నా బొమ్మ మాత్రం వెయ్యకు. నా ఒంట్లో ఏముందో నాకు తెలుసు. మీ అమ్మ చూసిందంటే రేపట్నించి నా కాఫీలో పంచదార ఉండదు.