సారలమ్మ వదిన సర్వపిండి

గోదావరిఖని, 13-10-2025

తిరుమలా, ఇక్కడ అందరం క్షేమం. పొద్దున రెండు బకెట్ల బట్టలు ఉతికాను, మీ నాన్నకు మొదటి షిఫ్టు టిఫిన్ కట్టాను. నిన్న ఆదివారం పేపర్లో నువ్వు రాసిన "మా అమ్మ సర్వపిండి" చదివాను. నీ చిన్నప్పుడు నేను దవాఖానాలో ఉన్న నెలంతా నీకది చేసిపెట్టింది పక్క క్వార్టర్ సారలమ్మ వదిన కదా! నువ్వు మరిచావా, నేనే పొరబడ్డానా, తెలియడం లేదు. ఇంతలో పేపర్ పట్టుకొని వదినే వచ్చింది.

"ఏందే శోభా, నా చేతులు నీకెప్పుడు అతికిచ్చిండ్రు?" అన్నది. నవ్విందో, అలిగిందో అర్థం కాలేదు. సాయంత్రం నేనే బియ్యప్పిండి కలిపి సర్వపిండి చేసి తీసుకుపోయాను. తిని, "మాడ్చినవ్. గిది మాత్రం నీదే" అన్నది.

నీ దగ్గు తగ్గిందా? వచ్చేటప్పుడు నా స్టీలు డబ్బాలు తే. వచ్చే ఆదివారం వదిన పేరు రాయి. నా బాకీ తీరిందట, నీదే మిగిలింది.

ఆశీస్సులతో, అమ్మ